పాప జేడ్ ఆకు కొరికింది – ఇంట్లో సక్యులెంట్లు ఉంచొచ్చా, తీసేయాలా?

కొంపల్లి_అమ్మ
పెళ్ళిరోజని మావారు పది సక్యులెంట్ల కాంబో తెచ్చారు, అవేనండీ, మందంగా నీరుపట్టి ఉండే బుల్లి మొక్కలు. అరచేతిలో పట్టే కుండీలు, పైన రంగురాళ్ళు, చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి. టీవీ కింద బల్ల మీద వరసగా పెట్టాం. పాపకి 14 నెలలు, ఇప్పుడిప్పుడే పట్టుకుని నడుస్తోంది. నిన్న సాయంత్రం పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేసి ఇటు తిరిగేసరికి ఏదో నములుతోంది. వేలు పెట్టి తీస్తే మందపాటి ఆకు, సగం ముక్క. దాని మీద రెండు పళ్ళ గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నర్సరీ అతను దాన్ని జేడ్ అన్నాడట. నోరు కడిగాను. రాత్రంతా దాని గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. అదేమో హాయిగా పడుకుని, పొద్దున ఇడ్లీ తిని ఆడుకుంటోంది.

అత్తయ్య ముళ్ళ మొక్కలు ఇంట్లో అరిష్టం, అన్నీ పారేయమంటున్నారు. మావారు గాలి శుభ్రం చేస్తాయి, ఏం కాదు అంటున్నారు. నెట్‌లో ఒకరు విషం అంటే ఒకరు అమృతం అంటారు. ఉన్నవి ఇవీ: జేడ్, కలబంద, స్నేక్ ప్లాంట్, ఎర్రపూల ముళ్ళ మొక్క, కుందేలు చెవుల కాక్టస్, గులాబీ పువ్వులా విచ్చుకున్నవి మూడు, ఎడారి గులాబీ, ఇంకొకటి ఆకుల్లేకుండా పచ్చటి పెన్సిళ్ళు గుచ్చినట్టు ఉంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి? టెన్షన్‌తో అడుగుతున్నాను.

మేడమీద_తోట
ముందు ఆ ఆఖరిది అక్కణ్ణించి తీసేయండి. వట్టి చేత్తో ముట్టుకోకండి, కుండీ పట్టుకుని ఎత్తండి. దాన్ని పెన్సిల్ కాక్టస్ అని అమ్ముతారు గానీ అది కాక్టస్ కాదు, జెముడు జాతి. ఊళ్ళలో కాడజెముడు అంటాం. గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే పెద్ద ప్రమాదం.

కొంపల్లి_అమ్మ
తీసి బాల్కనీలో పైన పెట్టాను. చేతులు వణుకుతున్నాయి.

డాలస్_పిల్లులమ్మ
నాకు రెండు పిల్లులు, అందుకే ఈ విషయం చాలా వెతికాను. ఇక్కడ అమెరికాలో జంతువుల బాగు చూసే సంస్థ ఏఎస్‌పీసీఏ వాళ్ళ జాబితాలో జేడ్, కలబంద, స్నేక్ ప్లాంట్, కలంచో నాలుగూ పిల్లులకీ కుక్కలకీ పడవని ఉంటుంది. ఎచెవేరియా, హవార్తియా, బర్రోస్ టెయిల్ మాత్రం ఫర్వాలేదు. మీ గులాబీ ఆకారం మూడూ ఎచెవేరియాలే అయ్యుంటాయి. వాటితో భయం లేదు. జేడ్ ఒక ముక్క కొరికితే పిల్లలకి మహా అయితే వాంతో, కడుపునొప్పో వస్తుంది. రాత్రి గడిచి పాప బాగానే ఉందంటే గండం దాటినట్టే.

సీమ_బిడ్డ
ఎందుకండీ ఇంత భయపెడతారు? మా అవ్వ వాళ్ళ దొడ్డి చుట్టూ కంచె మొత్తం జెముడే. ఆ కంచె పక్కనే గోళీలాడాం, నాగజెముడు పండ్లు కోసుకుని నోరంతా ఎర్రగా చేసుకున్నాం. ఒక్కరికి ఏమీ కాలేదు. ఇప్పుడు నాలుగంగుళాల కుండీకి ఇంత గోలా?

తెనాలి_రైతుబిడ్డ
సీమ_బిడ్డ గారూ, మీ కంచె ఇంటి బయటిది, అప్పుడు మీకు 14 నెలలు కాదు. నా సంగతి చెప్తాను, చదివాక మాట్లాడండి.

మూడేళ్ళ క్రితం మా నాన్న డాబా మీద ఎర్రపూల ముళ్ళ మొక్కని కత్తిరించారు, అదే యుఫోర్బియా, జెముడు జాతి. మే నెల, మధ్యాహ్నం. వేళ్ళకి పాలు అంటాయి, ఆయన పంచెకి తుడుచుకున్నారు. నుదుటి మీద చెమట కారుతుంటే అదే చేత్తో తుడుచుకున్నారు, కన్ను కూడా. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత మంట మొదలైంది. చల్లనీళ్ళు కొట్టుకుని, కాస్త ఆముదం వేసుకుని పడుకున్నారు, మాకెవరికీ చెప్పలేదు. సాయంత్రానికి రెప్ప వాచి మూసుకుపోయింది. దీపం చుట్టూ పొగలాగా ఉందిరా అన్నారు. అప్పుడు పరిగెత్తాం. నల్లగుడ్డు మీద పొర దెబ్బతింది అన్నారు డాక్టరు. చుక్కల మందులు, నల్ల కళ్ళద్దాలు, రెండు వారాలు రోజు మార్చి రోజు తిరిగాం. చూపు తిరిగి వచ్చింది. కానీ డాక్టరు ఒక మాట అన్నారు: పడిన వెంటనే పావుగంట, ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడిగి, నేరుగా వచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, ఆముదం వేయకుండా ఉండాల్సింది అని.

పల్లెటూరి మనిషి మా నాన్న. జెముడు పాలు కంట్లో పడకూడదని ఆయనకి చిన్నప్పట్నించి తెలుసు. అయినా ఆ కుండీలోది జెముడని తట్టలేదు. ఎర్రపూలు, నర్సరీ కుండీ, వేరే పేరు.

సీమ_బిడ్డ
చదివినాను. మీ నాన్నగారికి అట్ల కావడం బాధగా ఉంది. జెముడు పాలు కంట్లో పడనీయొద్దని మా అవ్వ కూడా అరిచేది, నిజమే. నేను అన్నది తినే పండ్ల గురించి.

విశ్రాంత_మాస్టారు
నేను ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. ఇక్కడ అసలు చిక్కు పేరులోనే ఉంది. సక్యులెంట్ అంటే ఒక కుటుంబం కాదు. ఆకులోనో కాండంలోనో నీళ్ళు దాచుకునే అలవాటు ఉన్న మొక్కలన్నిటికీ కలిపి పెట్టిన పేరు. సంబంధం లేని ఎన్నో కుటుంబాల మొక్కలు అందులో ఉన్నాయి. కాబట్టి సక్యులెంట్లు విషమా అని అడిగితే జవాబు లేదు. ఈ మొక్క ఏ కుటుంబానిది అని అడగాలి.

అమ్మా, మీ జాబితాలో అందరూ వదిలేసినది ఎడారి గులాబీ, అడీనియం. అది మన గన్నేరు కుటుంబం. గన్నేరు పప్పు సంగతి తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా? అడీనియంలోనూ గుండె మీద పనిచేసే అలాంటి విషాలే ఉన్నాయి. ఆఫ్రికాలో దాని రసాన్ని బాణాల మొనలకి పూసి వేటాడేవారు. పువ్వు ఎంత అందంగా ఉన్నా పాక్కుంటూ తిరిగే పిల్ల ఉన్న ఇంట్లో నేల మీద ఉండాల్సిన మొక్క కాదు.

కొంపల్లి_అమ్మ
మాస్టారూ, అది టీవీ బల్ల మీద జేడ్ పక్కనే ఉంది. పాప ఇటు కాకుండా అటు చెయ్యి చాపి ఉంటే…

మేడమీద_తోట
చాపలేదు కదా తల్లీ. అక్కడితో ఆపండి. ఇప్పుడే తీసేయండి, అది చాలు.

గుంటూరు_పశువైద్యం
జంతువుల వైపు నుంచి ఒక మాట. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది కలబంద, స్నేక్ ప్లాంట్ నమిలిన కుక్కపిల్లలు. వాంతులు, విరేచనాలు, నురగ, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. నేను భయపడేది కలంచోకి. గుత్తులుగా పసుపు, గులాబీ రంగు పూలతో అమ్ముతారే, అది. రణపాల కూడా ఆ జాతే. వాటిలో గుండె లయని దెబ్బతీసే పదార్థాలు ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఆ జాతి మొక్కలు మేసి పశువులు చనిపోయిన సంగతి మా పాఠాల్లో ఉండేది. మొక్క తిన్నదని తెలియగానే ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం మాత్రం చేయకండి. దానివల్ల వచ్చే తిప్పలు వేరే.

ఆకుకూర_అనసూయ
రణపాల విషమా?! మా వీధిలో సగం మంది కిడ్నీలో రాళ్ళకి పొద్దున్నే రెండాకులు నమిలి మింగుతారు. మా తమ్ముడికి రాయి పడిపోయింది కూడా. విషమైతే వాడు ఈపాటికి ఉండేవాడా?

గుంటూరు_పశువైద్యం
రెండాకులు తిన్న ప్రతి మనిషికీ ఏదో అవుతుందని అనలేదండీ. మోతాదు, వయసు, ఉన్న జబ్బు, అన్నీ లెక్కలోకి వస్తాయి. గుండెకి మాత్రలు వాడేవాళ్ళు, ముఖ్యంగా డిజాక్సిన్ వాడేవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు. ఇక రాయి అంటారా, చిన్న రాయి నీళ్ళు బాగా తాగితే కూడా పడిపోతుంది.

ఆకుకూర_అనసూయ
మా తమ్ముడు మాత్రం ఆకువల్లే అంటాడు. కానీ మా నాన్నగారు గుండె మాత్రలు వేసుకుంటారు, ఆయన కూడా ఈమధ్య మొదలుపెట్టారు. ఇవాళే మాన్పిస్తాను, డాక్టరుని అడిగాకే మిగతా మాట.

వరంగల్_సిస్టర్
పిల్లల వార్డులో పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను. అందరూ ఆకుల గురించి మాట్లాడుతున్నారు, నాకు ఆ మొదటి పోస్టులో కనిపించింది రంగురాళ్ళు. అక్కా, అవి ముందు తీసి పారెయ్యి. శనగగింజంత గులకరాయి 14 నెలల పిల్ల గొంతులో అడ్డుపడితే విషంలాగా గంటల టైం ఇవ్వదు, నిమిషాలే. మేం చూసే కేసుల్లో మొక్కల కన్నా గింజలూ రాళ్ళూ బటన్ సెల్సే ఎక్కువ.

పిల్లలు ఏ మొక్కైనా నమిలితే: నోట్లో ఉన్నది తీసి, తడిగుడ్డతో చిగుళ్ళు, నాలుక తుడవాలి. రెండు గుక్కల నీళ్ళు పట్టొచ్చు. వేలు గొంతులో పెట్టి కక్కించొద్దు. పాలు కారే మొక్కైతే దిగేటప్పుడు కాల్చింది మళ్ళీ ఎక్కేటప్పుడు కాలుస్తుంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ మొక్క కొమ్మ ఒకటి కవర్లో వేసుకుని రండి, లేదా ఫోటో. "ఏదో పచ్చ మొక్క" అంటే మేమేం చేయగలం? ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, మగతగా ఉన్నా, నోరు వాచినా 108.

డాలస్_పిల్లులమ్మ
అమెరికాలో ఉన్నవాళ్ళకి: 1-800-222-1222, పాయిజన్ కంట్రోల్, 24 గంటలూ. మా బాబు క్రేయాన్ తిన్నప్పుడు కూడా ఫోన్ చేశాను, ఎంత ఓపిగ్గా చెప్పారో.

వరంగల్_సిస్టర్
మనకీ ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్, 1800 116 117. ఫ్రిజ్ మీద అంటించుకోండి.

కడియం_కుర్రోడు
మాది కడియం. నాన్న, బాబాయి, నేను అందరం నర్సరీయే. మా తప్పు మేం ఒప్పుకోవాలి. కాంబో కట్టేటప్పుడు ఎవరూ ఏ మొక్క ఏమిటని చూడరు. పది సైజు సరిపోయినవి, రంగు కలిసినవి ట్రేలో పెట్టడమే. లేబుల్ మీద "సక్యులెంట్" అని ఉంటుంది, అంతే. కోత కోసేటప్పుడు మాత్రం యుఫోర్బియా దగ్గర మేం గ్లవ్స్ లేకుండా కూర్చోం. కొన్నవాళ్ళకి ఆ మాట చెప్పకపోవడం తప్పే. ఇది చదివాక మా షెడ్డులో జెముడు జాతి, అడీనియం ట్రేలు వేరు చేయించాను, వాటిని కాంబోలో కలపొద్దని చెప్పాను.

అమ్మగారూ, ఒకటి అడుగుతాను. ఆ జేడ్ ఆకు ఎంత ఉంది? మన దగ్గర జేడ్ అని అమ్మేవాటిలో చాలావరకు అసలు జేడ్ కాదు, లక్కీ జేడ్. ఆకు చిటికెన వేలి గోరంత, గుండ్రంగా, కాడ ఎర్రటి గోధుమరంగు ఉంటే అది పోర్చులకేరియా. దక్షిణాఫ్రికాలో ఏనుగులు మేసే మొక్క. దానితో ఏ బాధా లేదు. అసలు జేడ్ ఆకు బొటనవేలంత, కోలగా, అంచు ఎర్రగా ఉంటుంది.

కొంపల్లి_అమ్మ
ఇప్పుడే చూసొచ్చాను. ఆకు చిన్నది, నా చిటికెన వేలి గోరంతే. కాడ ఎర్రగా ఉంది!! పాప నోట్లోంచి తీసిన ముక్క నిన్ననే కాగితంలో చుట్టి దాచాను, డాక్టరుకి చూపించాల్సి వస్తుందేమోనని. దానికీ దీనికీ పక్కపక్కన పెట్టి చూశాను. అదే.

కడియం_కుర్రోడు
అయితే మీ పాప ఏనుగు మేత మేసింది, అంతే. బలంగా పెరుగుతుంది.

మేడమీద_తోట
😄 నిన్నటినుంచి ఈ థ్రెడ్‌లో మొదటి నవ్వు.

బెజవాడ_ముళ్ళు
కుందేలు చెవుల కాక్టస్ గురించి ఎవరూ చెప్పలేదే? దాన్ని చిన్నదని వదిలేయకండి. నేను ముద్దొచ్చి నిమిరాను, పిల్లి వీపు నిమిరినట్టు. చూడ్డానికి పసుపుపచ్చ చుక్కలు, మెత్తగా ఉంటాయనిపిస్తుంది. ఒక్కో చుక్కలో కంటికి ఆనని వందల నూగుముళ్ళు. చెయ్యి తీశాక ఏమీ కనిపించలేదు. అన్నం కలుపుకుంటుంటే అరచెయ్యంతా సూదులు. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే అప్పుడు మెరిశాయి, బంగారు పొడి చల్లినట్టు. టేపుతో లాగాను, సగమే వచ్చాయి. చివరికి మా చెల్లి కనుబొమల ప్లక్కరుతో దొరికినన్ని తీసి, మిగతావాటికి స్కూల్లో వాడే తెల్ల జిగురు పూసి పైన గాజుగుడ్డ వేసి, ఆరాక ఒక్కసారిగా లాగింది. దాంతో దాదాపు అన్నీ వచ్చేశాయి. రుద్దకూడదు, రుద్దితే లోపలికి పోతాయి. పసిపిల్ల చేతికి, నోటికి అంటితే ఊహించుకోండి.

సీమ_బిడ్డ
ఇది మాత్రం వంద శాతం నిజం. నాగజెముడు పండుకి కూడా ఆ నూగే. మేం ముందు ఇసుకలో, గోనెపట్టా మీద బాగా దొర్లించి గానీ ముట్టుకునేవాళ్ళం కాదు.

రథసప్తమి_వాణి
పాల సంగతి వచ్చింది కాబట్టి: జిల్లేడు పాలు కూడా ఇంతే, అది సక్యులెంట్ కాకపోయినా. వినాయక చవితికి పత్రి తుంచేటప్పుడు, రథసప్తమికి జిల్లేడాకులు కోసేటప్పుడు పిల్లల చేత కోయించకండి. మా అక్క కొడుక్కి కంట్లో చింది, నొప్పి పెద్దగా లేదన్నాడు, చూపు మాత్రం మసకబారింది. నొప్పి లేదని ఊరుకుంటేనే ప్రమాదమట. వెంటనే చూపించాం కాబట్టి నయమైంది.

కూకట్‌పల్లి_కిరణ్
కలబంద ఉంచొచ్చా, లేదా? అది ఏ జాబితాలో? మేం వేసవిలో జ్యూస్ తాగుతాం, డాలస్ అక్కేమో విషం జాబితాలో ఉందంటారు.

విశ్రాంత_మాస్టారు
రెండూ నిజమే నాయనా. కలబంద ఆకులో రెండు ఉన్నాయి. మధ్యలో తెల్లటి గుజ్జు. తొక్కకి కిందే పసుపుపచ్చ చేదు రసం. ఆ రసాన్ని ఎండబెట్టిందే ముసాంబరం. మన ఇళ్ళలో బెణుకుకి పట్టు వేసేవాళ్ళు, విరేచనానికి వాడేవాళ్ళు. అంటే దాని గుణం మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఆకు కోసి ఒక గ్లాసులో కోసిన వైపు కిందికి నిలబెట్టి చూడండి. పది నిమిషాల్లో అడుగున టీ డికాక్షన్ రంగు నీళ్ళు చేరతాయి. అది కారిపోయాక, తొక్క మందంగా చెక్కి, గుజ్జు కడిగి వాడాలి. గర్భిణులు, చిన్నపిల్లలు కడుపులోకి తీసుకోకపోవడమే మంచిది. ఉత్త మొక్క ఇంట్లో ఉండటానికి అభ్యంతరం లేదు, పిల్లకీ కుక్కకీ అందనంత ఎత్తులో.

కూకట్‌పల్లి_కిరణ్
మేం తొక్కతో సహా మిక్సీలో వేసేవాళ్ళం మాస్టారూ. అందుకేనా పొట్ట అలా ఉండేది!

బెజవాడ_ముళ్ళు
రాత్రిపూట పడకగదిలో మొక్కలుంటే ఆక్సిజన్ లాగేస్తాయని మా ఇంట్లో తీయించారు. అది?

విశ్రాంత_మాస్టారు
ఒక మనిషి పక్కన పడుకుంటే పీల్చుకునే దానిలో వీసమెత్తు కూడా కాదు. పైగా కాక్టస్, జేడ్ వంటివి నీరు పోకుండా పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుంటాయి. కొంపల్లి అమ్మాయి భర్తగారికి కూడా చెప్పండి: గాలి శుభ్రం అన్న మాట 1989లో నాసా చేసిన పరిశోధన నుంచి వచ్చింది. అది గాలి చొరబడని పెట్టెల్లో చేసినది. కిటికీలున్న హాలులో పది బుల్లి కుండీల వల్ల గాలి మారదు. మొక్కని మొక్కగా ప్రేమించి పెంచుకోండి.

మేడమీద_తోట
ఇంకో రెండు చిన్న సంగతులు. కుండీ కింద ప్లేటులో నీళ్ళు నిలవనీయొద్దు, డెంగీ దోమకి ఆ మాత్రం చాలు. సక్యులెంటుకీ ఆ నీళ్ళు మంచివి కావు, వేరు కుళ్ళుతుంది. అపార్టుమెంటులో పిట్టగోడ మీద కుండీలు పెట్టొద్దు. మా బ్లాకులో గాలివానకి నాలుగో అంతస్తు నుంచి ఒకటి స్కూటరు సీటు మీద పడింది. అక్కడ అప్పుడు మనిషి లేడు.

కడియం_కుర్రోడు
కొత్తగా తెచ్చిన మొక్కకి మందు కొట్టి ఉంటుంది, కొన్నిచోట్ల మట్టిలో గుళికలూ వేస్తారు. కాబట్టి పిల్లలున్న ఇంట్లో తెచ్చిన రోజే మట్టి మార్చేయండి, చేతికి కవరు తొడుక్కుని. పిండినల్లి వస్తే మందులు వద్దు, దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే పోతుంది.

తెనాలి_రైతుబిడ్డ
పారేసేవాళ్ళకి ఒక మనవి. జెముడు, అడీనియం చెత్తకుప్ప మీద ఊరికే పడేయకండి. ఆవులు తిరుగుతుంటాయి. పేపర్లో చుట్టి, మూటకట్టి, చెత్తబండి అతనికి చెప్పి ఇవ్వండి. ఆయన చేతులూ చేతులే.

కొంపల్లి_అమ్మ
చేసింది చెప్తాను. రంగురాళ్ళన్నీ ఏరి డబ్బాలో వేసి పడేశాను, లెక్కపెడితే 140 పైనే. ఎర్రపూల మొక్క, పెన్సిల్ మొక్క తెనాలి అన్న చెప్పినట్టే చుట్టి, చెత్తబండి అతనికి చెప్పి ఇచ్చాను. "పాలు కారేవా అమ్మా, మాకు తెలుసు" అన్నాడు. ఎడారి గులాబీ మా నాన్నగారి డాబాకి వెళ్ళింది, అక్కడ పిల్లలు లేరు, ఆయనకి గ్లవ్స్ కొనిచ్చాను. కుందేలు చెవులు మా తమ్ముడి ఆఫీసుకి. స్నేక్ ప్లాంట్ అల్మారా పైన. మూడు ఎచెవేరియాలూ, లక్కీ జేడ్ వంటింటి కిటికీలో.

కలబంద మాత్రం అత్తయ్య అడిగి తీసుకున్నారు. వేళ్ళతో సహా పెళ్ళగించి, మట్టి దులిపి, తాడు కట్టి గుమ్మానికి తలకిందులుగా వేలాడదీశారు, దిష్టికి. పాపకి అందదు, ఆవిడకీ తృప్తి. మావారు పది మొక్కలు తెస్తే కుండీల్లో ఐదే మిగిలాయేంటి అని లెక్క చూస్తున్నారు.

రథసప్తమి_వాణి
అది మట్టి లేకుండా నెలల తరబడి అలాగే పచ్చగా ఉంటుంది చూడండి. మా ఇంట్లో తలకిందులుగానే కొత్త ఆకులు వేసి పైకి తిరిగింది.

వరంగల్_సిస్టర్
పాప ఎలా ఉందక్కా?

కొంపల్లి_అమ్మ
ఇప్పుడు కిటికీ కింద నిలబడి లక్కీ జేడ్ వైపు చెయ్యి చూపిస్తూ "మ్మ, మ్మ" అంటోంది. రుచి నచ్చినట్టుంది.

ఆకుకూర_అనసూయ
ఆ లక్కీ జేడ్ కొమ్మ ఒకటి నాకు పెట్టండి, నేను మీ కొంపల్లి పక్కనే, సుచిత్రలో ఉంటాను. ఆదివారం వచ్చి తీసుకుంటాను.